సురవరం ప్రతాపరెడ్డి వ్యక్తిత్వం - యూంగ్ మనస్తత్వ వర్గీకరణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

తత్త్వవేత్తల వ్యక్తిత్వాన్ని మనస్తత్వ వర్గాల ద్వారా వివరించే పద్ధతికి స్విట్జర్లాండు మనోవిజ్ఞాని కార్ల్ యూంగ్ 1921లో ప్రచురించిన గ్రంథం ప్రధాన ఆధారం. ఆ పద్ధతిని నడిగడ్డకు చెందిన సామాజిక చింతకుడు సురవరం ప్రతాపరెడ్డి (1896-1953) రచనలకు అన్వయించి, అది ఎంతవరకు ఉపకరిస్తుందో, ఎక్కడ తడబడుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వర్గనామం ఆయన ఆలోచనా రీతిని గుర్తించడానికి తోడ్పడుతుందనీ, వ్యక్తిపై తీర్పుగా మారినప్పుడు ఆయన్ను తీర్చిదిద్దిన ప్రాంతాన్నీ కాలాన్నీ మరుగుపరుస్తుందనీ నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: సురవరం ప్రతాపరెడ్డి, యూంగ్, బహిర్ముఖత, అంతర్ముఖత, గోలకొండ కవుల సంచిక, ఆంధ్రుల సాంఘిక చరిత్ర, నడిగడ్డ, సంస్థానాలు.

1. ఉపోద్ఘాతం:

ఒక తత్త్వవేత్త సిద్ధాంతానికీ అతని స్వభావానికీ సంబంధం ఉందా అన్న ప్రశ్న ఆధునిక తత్త్వశాస్త్రంలో పాతదే. ప్రతి గొప్ప తత్త్వదర్శనమూ దాని కర్త తెలియకుండా చేసుకున్న ఆత్మనివేదన వంటిదని జర్మన్ తత్త్వవేత్త నీషే 1886లో అభిప్రాయపడ్డాడు. తత్త్వశాస్త్ర చరిత్ర చాలావరకు మానవ స్వభావాల మధ్య జరిగిన సంఘర్షణేనని అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్ 1907లో ప్రతిపాదించాడు. యూంగ్ వీరిద్దరినీ తన గ్రంథంలో చర్చించి, స్వభావభేదాలకు ఒక క్రమబద్ధమైన చట్రాన్ని రూపొందించాడు.

తెలుగు సాహిత్య పరిశోధనలో ‘కవి జీవితం - వ్యక్తిత్వం’ అన్న అధ్యాయం పరిపాటి. అందులో గుణవిశేషణాల పట్టిక తప్ప విశ్లేషణ తక్కువగా కనిపిస్తుంది. ఆ లోటును మనస్తత్వశాస్త్ర పరిభాషతో పూరించవచ్చునన్న ఆశ సహజమే. అయితే పరిభాష మారినంత మాత్రాన ప్రశంస శాస్త్రమవుతుందా అన్నది ఆలోచించవలసిన విషయం.

ప్రతాపరెడ్డి దర్శనకర్త కారు. చరిత్రకారుడు, పత్రికా సంపాదకుడు, విమర్శకుడు. అయినా సమాజాన్ని ఎలా తెలుసుకోవాలన్న విషయంలో ఆయనకు స్పష్టమైన దృక్పథం ఉంది. తత్త్వవేత్తల కోసం ఏర్పడిన కొలమానం చింతకులందరికీ వర్తిస్తుందో లేదో చూడడానికి ఇటువంటి రచయితే తగిన ఉదాహరణ.

2. యూంగ్ చట్రం - ప్రధానాంశాలు:

యూంగ్ మనోవైఖరులను రెండుగా విభజించాడు. మనశ్శక్తి బాహ్యవిషయాల వైపు ప్రవహిస్తే బహిర్ముఖత. లోపలి అనుభవం వైపు మళ్లితే అంతర్ముఖత. వీటితోపాటు నాలుగు మనోవ్యాపారాలను పేర్కొన్నాడు: ఆలోచన, మూల్యభావన, ఇంద్రియసంవేదన, అంతఃస్ఫురణ. మొదటి రెండూ విషయాలను నిర్ణయించేవి. చివరి రెండూ విషయాలను గ్రహించేవి. వ్యక్తిలో ఒక వ్యాపారం ప్రధానమైతే దానికి ఎదురుగా ఉన్నది అణగి, వికసించకుండా ఉంటుందని అతని ప్రతిపాదన. ఆలోచన ప్రధానమైన వ్యక్తిలో మూల్యభావన వెనుకబడుతుందన్నమాట.

తత్త్వవేత్తల విషయంలో యూంగ్ ఇచ్చిన ఉదాహరణ ప్రసిద్ధం. డార్విన్ బహిర్ముఖ ఆలోచనకు, కాంట్ అంతర్ముఖ ఆలోచనకు ప్రతినిధులు. ఒకరు విస్తారమైన వాస్తవాలతో మాట్లాడితే, మరొకరు జ్ఞానం ఎలా సాధ్యమన్న విచారణకే పరిమితమవుతారు. తరువాతి కాలంలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మైయర్స్ ఈ చట్రాన్ని పదహారు వర్గాల ప్రశ్నావళిగా మార్చారు. ఈనాడు తత్త్వవేత్తలకు నాలుగక్షరాల సంకేతాలు తగిలించే అలవాటు అక్కడినుంచి వచ్చిందే.

మనుషులను తొలిచూపులోనే వర్గాలలో పడవేయడం తన ఉద్దేశం కాదని, అది పిల్లల ఆట వంటిదని, అనుభవ సామగ్రిని క్రమబద్ధం చేసుకోవడానికే ఈ విభజన అని యూంగ్ 1934లో స్పానిష్ అనువాదానికి వ్రాసిన ముందుమాటలో హెచ్చరించాడు. ఈ హెచ్చరికను పాటిస్తూనే అన్వయం సాగాలి.

భారతీయ సంప్రదాయంలోనూ వర్గీకరణలు లేకపోలేదు. భగవద్గీత పదిహేడవ అధ్యాయం సత్త్వరజస్తమోగుణాలను శ్రద్ధకు, ఆహారానికి, యజ్ఞానికి, తపస్సుకు, దానానికి అన్వయిస్తుంది. కాకతీయ ప్రతాపరుద్రుని నాయకునిగా గ్రహించి విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయం ధీరోదాత్తాది నాయకభేదాలను వివరిస్తుంది. గీతలోని విభజన శ్రద్ధతో మొదలైనా ఎక్కువగా కర్మలకు సంబంధించింది; అలంకారశాస్త్రంలోని విభజన కావ్యగత పాత్రలకు సంబంధించింది. చేసిన పనిని వర్గీకరించడం వేరు, చేసిన మనిషిని వర్గీకరించడం వేరు అన్న వివేకం ఈ రెండింటి నుంచీ గ్రహించదగినది.

3. ప్రాథమిక అన్వయం - బహిర్ముఖ ఆలోచనాపరుడు:

ప్రతాపరెడ్డి స్వగ్రామం నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న ఈ భూభాగానికి నడిగడ్డ అని పేరు. కర్నూలు, హైదరాబాదు, మద్రాసు నగరాలలో చదువుకున్న ఆయన 1926 మే 10న గోలకొండ పత్రికను ప్రారంభించారు. 1930లో జోగిపేటలో జరిగిన తొలి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1952 ఎన్నికలలో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. పత్రిక, సభ, గ్రంథాలయం, శాసనసభ - ఇవన్నీ బాహ్యకార్యరంగాలే. పైపైన చూస్తే బహిర్ముఖతకు ఇంతకన్న నిదర్శనం అక్కర్లేదు.

రచనాపద్ధతి కూడా ఈ అన్వయాన్ని బలపరుస్తుంది. 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల వంశావళులకు, యుద్ధాలకు బదులు ప్రజల తిండి, బట్ట, నగలు, ఆటలు, పండుగలు, అంగళ్లు, విశ్వాసాలను చరిత్రకు విషయాలుగా స్వీకరించింది. పాల్కురికి సోమనాథుని బసవపురాణం, పండితారాధ్య చరిత్ర మొదలుకొని క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి వరకు కావ్యాలలో చెదిరి ఉన్న వివరాలను ఏరి కూర్చడం ఇందులోని పద్ధతి. రసానుభూతి కోసం చదివే కావ్యాన్ని వస్తువుల పట్టికగా చదవడం ఇందులో విశేషం. ఒక ప్రబంధంలో నాయిక అలంకరణ వర్ణన వస్తే ఉపమ సొగసు కన్న నగ పేరు ఆయనకు ముఖ్యం. మరణానంతరం 1955లో ఈ గ్రంథానికి సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. తెలుగులో ఆ పురస్కారం పొందిన తొలి గ్రంథం ఇదే.

వాస్తవాలను కూడబెట్టి వాటినుంచి సూత్రం వైపు నడిచే ఈ రీతి యూంగ్ వర్ణించిన డార్విన్ రీతికి దగ్గరది. కనుక ప్రతాపరెడ్డిని ‘ఇంద్రియసంవేదన తోడైన బహిర్ముఖ ఆలోచనాపరుడు’ అని నిర్ణయించవచ్చు. చాలా విశ్లేషణలు ఇక్కడితో ఆగుతాయి. ఆ నిర్ణయాన్ని మూడు పరీక్షలకు గురిచేయవలసి ఉంది.

4. మొదటి పరీక్ష - వివరణ ఆయనకే చెందుతుందా?

అమెరికన్ మనోవిజ్ఞాని బెర్‌ట్రామ్ ఫోరర్ 1949లో ప్రచురించిన ఒక ప్రయోగం ఈ సందర్భంలో స్మరణీయం. తన విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఫలితంగా అందరికీ ఒకే వివరణను అందించాడు. ఎవరికి వారు అది తమకు చక్కగా సరిపోయిందని భావించారు. అందరికీ సరిపోయే వాక్యం ఎవరి గురించీ ఏమీ చెప్పదని దీని సారం.

‘నిరాడంబరుడు, నిర్భయుడు, క్రమశిక్షణ గలవాడు, భాషాభిమాని, నిరంతర కార్యశీలి’ వంటి వాక్యం ప్రతాపరెడ్డికి ఎంతగా అన్వయిస్తుందో మాడపాటి హనుమంతరావుకూ అంతే అన్వయిస్తుంది. ఆ తరం నాయకులలో ఎందరికో అది వర్తిస్తుంది. దీన్ని ‘బహిర్ముఖ ఆలోచన’ అని మార్చి చెప్పినా విశేషణాల స్థానంలో పారిభాషికపదం వచ్చిందే తప్ప వ్యక్తి రూపురేఖలు తేలలేదు.

ఆయనకే ప్రత్యేకమైన లక్షణాన్ని పట్టుకోవాలంటే నిర్దిష్టమైన పనిని చూడాలి. అటువంటి పని 1934లో వెలువడిన ‘గోలకొండ కవుల సంచిక’. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమన్న వ్యాఖ్యకు అది సమాధానం. పూజ్యమంటే సున్న. ఆగ్రహం గలవాడు ఖండన వ్యాసం వ్రాస్తాడు. పండితుడు ప్రాచీన కవుల పేర్లు ఉదాహరిస్తాడు. భావుకుడు మాతృభూమిపై పద్యం చెబుతాడు. ప్రతాపరెడ్డి 354 మంది కవుల వివరాలను, రచనలను సేకరించి అచ్చువేశారు. సున్న అన్న మాటకు సంఖ్యతో జవాబు చెప్పారు. అవమానాన్ని లెక్కగా మార్చి తిరిగి అప్పగించడం ఆయన ప్రత్యేక లక్షణం. దీనికి యూంగ్ పట్టికలో పేరు లేదు.

5. రెండవ పరీక్ష - ప్రక్రియ మారినా వర్గం నిలుస్తుందా?

వర్గం స్వభావసిద్ధమైతే రచయిత ఏ ప్రక్రియను చేపట్టినా అది కనిపించాలి. ప్రతాపరెడ్డి రచనలు ఒకే తీరువి కావు. ‘రామాయణ విశేషములు’ ఇతిహాసాన్ని విమర్శనదృష్టితో పరిశీలిస్తుంది. ‘హిందువుల పండుగలు’ ఆచారాల పుట్టుపూర్వోత్తరాలను వివరిస్తుంది. ‘భక్త తుకారాం’ నాటకం. ‘మొగలాయి కథలు’ పాలనలోని అక్రమాలపై వ్యంగ్యం. భక్తుని జీవితాన్ని నాటకంగా మలచేవేళ రచయితకు కావలసింది మూల్యభావన. వ్యంగ్యానికి కావలసింది హాస్యస్ఫురణ. ఆలోచన ప్రధానమైనచోట మూల్యభావన వికసించదన్న యూంగ్ సూత్రం ఇక్కడ నిలవదు.

కలంపేర్ల విషయం మరింత ఆసక్తికరం. చిత్రగుప్త, భావకవి రామమూర్తి వంటి మారుపేర్లతో ఆయన రచనలు చేశారు. ఒకటి పాపపుణ్యాల చిట్టా వ్రాసే యమలోక లేఖకుని పేరు; మరొకటి ఆనాటి భావకవుల ధోరణిని తలపించే పేరు. సమాజానికి చూపే ముఖానికి యూంగ్ ‘పర్సోనా’ అని పేరు పెట్టాడు. ప్రాచీన నాటకంలో నటుడు ధరించే ముసుగుకు లాటిన్ భాషలో ఉన్న పదమది. ఇన్ని ముసుగులను ఎరిగి ధరించిన రచయితలో ఏ ముఖాన్ని అసలు ముఖమని నిర్ణయించాలి? పత్రికారచనలో మారుపేరు స్వభావలక్షణం మాత్రమే కాదు. ఒకే సంచికను పలు గొంతులతో నింపవలసిన అవసరం కావచ్చు, పాలకుల చూపు నుంచి రక్షణ కావచ్చు. బహిర్ముఖత వెనుక ఇంతటి గోప్యత ఉందని గుర్తించినప్పుడు ఆ పదం అంత తేలికగా అతకదు.

అయినా ప్రక్రియలన్నిటిలోనూ నిలిచి ఉన్న ఒక అలవాటు లేకపోలేదు. ‘గ్యారా కద్దూ బారా కొత్వాల్’ అన్న కథ పేరే చూడదగినది. పదకొండు గుమ్మడికాయలు, పన్నెండుగురు కొత్వాళ్లు. అమ్ముకునే సరుకు కన్న వసూలుచేసే అధికారులు ఒకరు ఎక్కువ. పాలనపై ఎంత ఉపన్యాసం చెప్పినా రాని స్పష్టత ఈ లెక్కలో ఉంది. సంచికలో 354 ఎటువంటిదో, కథలో పదకొండూ పన్నెండూ అటువంటివి. చరిత్రలో నగల పట్టిక, కథలో గుమ్మడికాయల పట్టిక, కలంపేరులో చిత్రగుప్తుని చిట్టా - ఇవన్నీ ఒకే అలవాటుకు వేర్వేరు రూపాలు.

ఈ అలవాటు ఆలోచనకు, మూల్యభావనకు మధ్య యూంగ్ గీసిన గీతను దాటుతుంది. ‘మాకు కవులు లేరా?’ అన్న ప్రశ్న ఆత్మగౌరవం నుంచి, అంటే మూల్యభావన నుంచి పుట్టింది. సమాధానం లెక్క నుంచి, అంటే ఆలోచన నుంచి వచ్చింది. ప్రతాపరెడ్డిలో ఈ రెండూ పోటీదారులు కావు. ఒకటి ప్రశ్న వేస్తే రెండవది జవాబు తెస్తుంది.

6. మూడవ పరీక్ష - పరిస్థితి చాలినచోట స్వభావం అవసరమా?

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధిని నాటకశాలలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేశారు. ఆ అవమానం ఆంధ్ర జనసంఘం పుట్టుకకు కారణమైంది. ఉర్దూ అధికారభాషగా, బోధనభాషగా ఉన్న రాజ్యంలో, బహిరంగసభకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన ‘గస్తీ నిషాన్ 53’ అమలులో ఉన్న రోజులలో తెలుగు పత్రిక నడపడం, సభకు అధ్యక్షత వహించడం చరిత్ర కోరిన పనులు. అంతర్ముఖ స్వభావం గలవారు కూడా అటువంటి కాలంలో వేదిక ఎక్కవలసి వస్తుంది. కనుక వేదిక ఎక్కడాన్ని బహిర్ముఖతకు నిదర్శనంగా చూపడం కారణానికీ ఫలితానికీ మధ్య తేడాను విస్మరించడమే.

ఇక సేకరణశీలం. దాన్నైనా వ్యక్తిగత స్వభావమని చెప్పవచ్చునా? ఈ ప్రశ్నకు నడిగడ్డ, దాని పరిసర ప్రాంతాలే సమాధానం చెబుతాయి. గద్వాల సంస్థానానికి ‘విద్వద్గద్వాల’ అన్న ప్రసిద్ధి ఉంది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు ఆస్థానాలను తిరుపతి వేంకట కవులు తమ అవధానాలతో అలరించారు. కొల్లాపురం రాజధానిగా ఉన్న జటప్రోలు సంస్థానంలో సురభి మాధవరాయలు ‘చంద్రికా పరిణయం’ రచించాడు. ‘రాఘవ యాదవ పాండవీయం’ అనే త్ర్యర్థికావ్యం వ్రాసిన ఎలకూచి బాలసరస్వతి ఆ ఆస్థానంతో సంబంధం గలవాడు. కవులు పూజ్యమన్న మాట ఈ నేల నుంచి వచ్చిన వ్యక్తికి ఎందుకు అంతగా తగిలిందో, దానికి సాక్ష్యం ఎక్కడ వెదకాలో ఆయనకు ఎలా తెలుసునో ఊహించడానికి మనస్తత్వ పరీక్ష అవసరం లేదు.

ఇదే ప్రాంతానికి చెందిన మరి ఇద్దరిని పోల్చిచూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. అలంపురం వాస్తవ్యుడు గడియారం రామకృష్ణశర్మ (1919-2006) శాసనాలు, ఆలయాల పరిశోధనలో జీవితం గడిపారు; ఆయన ఆత్మకథ ‘శతపత్రము’ 2007లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందింది. నాగర్‌కర్నూలు ప్రాంతపు పండితుడు, పాలెం ప్రాచ్య కళాశాల అధ్యాపకుడు కపిలవాయి లింగమూర్తి (1928-2018) పాలమూరు దేవాలయాల చరిత్రను, స్థలగాథలను, జానపద సాహిత్యాన్ని సేకరించారు. ఒకరు దినపత్రికల లోకంలో, ఒకరు ఆలయనగరంలో, ఒకరు తరగతిగదిలో పనిచేశారు. ముగ్గురి జీవనరీతులూ వేరు; వయసులూ వేరు. అయినా ముగ్గురూ సేకర్తలే. ఒకే స్వభావం గల ముగ్గురు ఒకే నేలలో పుట్టారనడం కన్న, ‘ఇక్కడ ఏమీ లేదు’ అని పదేపదే అనిపించుకున్న నేల తన పండితులచేత లెక్కలు వ్రాయించుకున్నదనడం ఎక్కువ సబబు. ప్రతాపరెడ్డిలో స్వభావంగా కనిపించేది చాలావరకు ఒక ప్రాంతీయ విద్వత్సంప్రదాయం.

7. వర్గీకరణ పనికివచ్చే చోటు:

అలాగని యూంగ్ చట్రం పూర్తిగా నిరుపయోగమని చెప్పడం మరో అతి. అది లేకుంటే ఆలోచనకూ మూల్యభావనకూ ఉన్న సంబంధాన్ని ప్రతాపరెడ్డిలో వెదకాలన్న ఊహే కలగదు. డార్విన్-కాంట్ పోలిక ‘సాంఘిక చరిత్ర’ పద్ధతిని వివరించడానికి తోడ్పడింది. పర్సోనా భావన కలంపేర్ల మీద దృష్టిని నిలిపింది. చట్రం ప్రశ్నలు అడిగినంతసేపు ఉపకరించింది. జవాబు చెప్పబోయినప్పుడే తడబడింది.

ఒక పరిమితిని కూడా గుర్తించాలి. వైద్యుడైన యూంగ్ తన పరిశీలనకు వచ్చినవారితో సంభాషించి, వారి స్వప్నాలను, మాటలను ఆధారం చేసుకున్నాడు. గతించిన రచయిత విషయంలో ఆధారం గ్రంథాలే. గ్రంథం వ్యక్తి మనస్సుకు నకలు కాదు. పాఠకులను, సంప్రదాయాన్ని, అచ్చు అవసరాలను దృష్టిలో ఉంచుకొని చేసిన నిర్మాణం. రామకృష్ణశర్మ విషయంలో ఆత్మకథ ఉంది గనుక స్వీయపరిశీలన కొంతైనా దొరుకుతుంది. ప్రతాపరెడ్డి అందరి లెక్కలూ వ్రాశారు గాని తన లెక్కను అటువంటి గ్రంథంగా వ్రాయలేదు. ఆయన మౌనాన్ని నాలుగక్షరాల సంకేతంతో నింపడం పరిశోధకుని ఊహ అవుతుంది గాని నిర్ధారణ కాదు.

8. ముగింపు:

పై పరిశీలన వలన తేలిన అంశాలు ఇవి. ప్రతాపరెడ్డి ‘సాంఘిక చరిత్ర’ పద్ధతి యూంగ్ చెప్పిన బహిర్ముఖ ఆలోచనకు సన్నిహితమైనది. కాని ఆ నామం ఆయన సమస్త రచనకూ వర్తించదు. ఆయన రచనలలో స్థిరంగా కనిపించేది వర్గం కాదు, అలవాటు: అభియోగానికి సాక్ష్యాల రాశితో బదులివ్వడం. ఆ అలవాటును వ్యక్తిగత స్వభావంగా మాత్రమే చూస్తే గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల విద్వద్వాతావరణమూ, తెలుగువారు ఎదుర్కొన్న అవమానాలూ లెక్కలోకి రాకుండా పోతాయి.

ఇందులో పరిశోధనానీతికి సంబంధించిన విషయం కూడా ఉంది. ‘పుట్టుకతోనే పోరాటశీలి’ అన్న నిర్ణయం పొగడ్తలా వినిపించినా, ఆ పోరాటం ఎందుకు అవసరమైందన్న ప్రశ్నను అడగనీయదు. ఒక ప్రాంతానికి జరిగిన అన్యాయాన్ని ఒక వ్యక్తి గుణంగా మార్చివేస్తుంది. పేరులేని కవులను ఊరూపేరుతో సహా లెక్కలోకి తెచ్చిన రచయితను, పదహారు గదులలో ఒకదానిలో కూర్చోబెట్టడం ఆయన పద్ధతికే విరుద్ధం. కనుక వ్యక్తిత్వ విశ్లేషణ చేయబోయే పరిశోధకులు వర్గనామంతో ముగించక, దానితో ఆరంభించి, వివరణ ఇతరులకూ సరిపోతుందా, ప్రక్రియ మారితే నిలుస్తుందా, పరిస్థితే చాలునా అన్న మూడు ప్రశ్నలనూ దాటించాలి. ఆ మూడింటినీ దాటి మిగిలినదే వ్యక్తిత్వమనిపించుకుంటుంది. ప్రతాపరెడ్డి విషయంలో అలా మిగిలినది, సున్న అన్నవారి ముందు 354 పేర్లను ఉంచిన ఆ ఓపిక.